నూట ఎనభై గుంతలు

రెబెకమ్మ అరచేతిని మొక్కల తలల మీదుగా ఒక కొస నుంచి ఇంకో కొసకి జరిపింది. చేతికి తగిలినవాటిని వదిలేసి, తగలనివాటిని కవరుతో సహా ఎత్తి పక్క మడిలో పెట్టింది. మళ్ళీ చెయ్యి జరిపింది. ఈసారి మడి మొత్తం ఒకే ఎత్తులో తగిలింది. అందులోంచి అరవై మొక్కలు తీసి మూడు గంపల్లో సర్దింది. వేప ఇరవై, కానుగ ఇరవై, ఎర్రచందనం ఇరవై. దుర్గం కొండ మీద మబ్బు ఇంకా లేవలేదు. ఉదయగిరిలో ఆత్మకూరు బస్సు ఆరున్నరకి.

ఈ నర్సరీలో ఆమెది ఇరవై ఒకటో ఏడు. పథకం పేరు మూడుసార్లు మారింది, బోర్డు మూడుసార్లు మారింది, పని మారలేదు. ఎర్రమట్టి జల్లించాలి, ఇసకా పశువుల ఎరువూ కలపాలి, నల్ల కవర్లలో నింపాలి. వేపగింజ రాలిన పదిహేను రోజుల్లో మట్టిలో పడాలి, ఆలస్యమైతే మొలవదు. ఎర్రచందనం కాయని పేడనీళ్ళలో నానెయ్యాలి, ఎండబెట్టాలి, మళ్ళీ నానెయ్యాలి. మొలకని నారుమడిలోంచి తీసి కవరులోకి మార్చడానికి ఆమె కుడి బొటనవేలి గోరు పెంచుకుంది. మిగతా తొమ్మిదీ అరిగిపోయి ఉంటాయి.

కార్తీకానికి ముందు లారీ వచ్చి మొక్కల్ని ఎక్కించుకుపోతుంది. ఎక్కించేదాకే ఆమె పని. నాటే చోటికి నర్సరీ ఆడవాళ్ళని ఎవరూ తీసుకుపోలేదు, వాళ్ళూ అడగలేదు. తిరిగి వచ్చినప్పుడు డ్రైవర్‌ని మాత్రం ఆమె ఏటా అడిగేది.

"బతికినాయా అబ్బయ్యా?"

"కొన్ని బతికినాయి, కొన్ని పోయినాయి పెద్దమ్మా."

ఆ కొన్ని చాలు ఆమెకి. రాత్రి మంచం మీద పడుకుని వాటిని నాటుకునేది. చేజర్లలో బడి ముందు నాలుగు, వింజమూరు రోడ్డున రెండు వైపులా, అనంతసాగరంలో కాలవ గట్టున. ఏ ఏడు మొక్క ఆ ఏడు ఎత్తు పెరిగేది. మొదటి ఏడాదివి ఇప్పటికి ఇంటి కప్పు దాటి ఉండాలి. వాటి కింద ఎవరో గొంగడి పరుచుకుని పడుకునేవాళ్ళు. వాళ్ళ మొహాలు కనిపించేవి కావు, నీడ కనిపించేది. అలా నిద్రపట్టేది. భర్త శీనయ్య పోయి ఎనిమిదేళ్ళు. కూతురు ఏంజెలిన్‌ని కావలిలో ఇచ్చింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోయినా ఆమెకి పొద్దు గడవక పోయింది లేదు.

ఆ ఏడు, పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో, ఆత్మకూరులో రైతు బజారు పెట్టారు. అక్కడ శనివారం రైతులకి మొక్కలు ఉచితంగా పంచాలనీ, ఆదివారం ఉదయగిరి కొండ కింద పచ్చదనం పండుగ చెయ్యాలనీ పైనుంచి కాగితం వచ్చింది. పంచాల్సిన వాచ్‌మన్‌కి జ్వరం తగిలింది. సూపర్వైజర్ వరప్రసాదం మొక్కల మధ్య నిలబడి అటూ ఇటూ చూసి, చివరికి ఆమెని పిలిచాడు.

"రెబెకమ్మా, రెండు రోజులు నువ్వే చూసుకోవాల. పోతావా?"

"పోతాను సార్."

ఆమె అంత త్వరగా జవాబు చెప్పడం ఆయన ఎప్పుడూ వినలేదు. ఒక్క చెట్టు. తన చేతి మీదుగా పోయిన ఒక్క చెట్టుని, చెట్టుగా, కళ్ళతో చూడాలి. ఆమెకి కావలసింది అది.

మూడు గంపలూ బస్సు టాపు మీదికి తనే ఎక్కించింది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక మొక్కల నీడ రోడ్డు పక్క చేల మీద పడి బస్సుతో పాటు పరిగెత్తింది. సజ్జ మీద, మెట్ట మీద, వంకలో నీళ్ళ మీద. వింజమూరులో బస్సు ఆగితే ఆ నీడ కూడా ఒక గోడ మీద ఆగింది. అరవై తలలు ఊగుతున్నాయి. ఆమె గోడని చూస్తూ ఉండిపోయింది. వింజమూరు దాటాక రోడ్డు పక్క చెట్లని లెక్కపెడదామనుకుంది. తుమ్మలు వచ్చాయి, తాళ్ళు వచ్చాయి. ఏవీ ఎవరూ నాటినవి కావు. అవతలి వైపు ఉంటాయేమో అనుకుంది. అవతలి వైపు కిటికీలకి అడ్డంగా మనుషులు నిలబడి ఉన్నారు.

రైతు బజారులో ఆమెకి వంకాయల వరస చివర చోటిచ్చారు. పక్కన అనంతసాగరం నుంచి వచ్చిన శీనమ్మ. గోతం మీద కాయలు రాశి పోసి, రాశి మీద నీళ్ళు చల్లుతోంది.

"ఏంది అక్కా, ఎంత?"

"ఊరికేనే. పట్టకపోండి."

"ఊరికేనా? ఊరికే ఇస్తే ఎవురు తీసుకుంటారు? అర్ధరూపాయి అని చెప్పు, ఎగబడతారు."

"ఊరికే ఇయ్యమన్నారు."

"అయితే సాయంత్రం దాకా నాకు నీడకి పెట్టు."

వచ్చినవాళ్ళు వంగి చూశారు. కొబ్బరి మొక్క ఉందా అన్నారు, నిమ్మ అంటు ఉందా అన్నారు, కరివేపాకు అన్నారు. ఎర్రచందనం అనగానే ఒకాయన రెండడుగులు వెనక్కి వేసి, "వద్దమ్మా, రేపు కొట్టుకుంటే జైలంటారు" అని పోయాడు. మేకలున్నాయన్నారు, నీళ్ళు లేవన్నారు. పన్నెండు దాటేసరికి తొమ్మిది మొక్కలు పోయాయి.

అప్పుడు చేజర్ల రైతు జనార్దనయ్య సైకిలు తోసుకుంటూ వచ్చాడు. క్యారేజీకి ఖాళీ గంప కట్టి ఉంది. కాయలు అమ్ముడుపోయిన మనిషి, తీరిగ్గా ఉన్నాడు.

"కొండకింద నర్సరీయా?"

"ఔనన్నా. చేజర్లలో బడి ముందర మా మొక్కలు పెట్టినారంట గదా, ఎంత ఎత్తు ఉండాయి?"

"ఏ మొక్కలు?"

"నాలుగైదేళ్ళ నాడు. లారీ వచ్చినాది."

జనార్దనయ్య నవ్వాడు. "వచ్చినాది. బడి ముందర పెట్టినారు, మా గట్టున నేను పెట్టినాను, మూడు తూర్లు పెట్టినాను. ఒక్కటీ నిలవలా. మీ నర్సరీ మొక్క బతకదు తల్లీ, ఏమీ అనుకోవాక."

"నీళ్ళు పోసినావా?"

"కూతురికి పోసినట్టు పోసినాను. ఏడాది పచ్చగానే ఉండాది. రెండో ఏడు నిలబడి ఎండిపోతాది. ఎందుకబ్బా అని పెరికి చూసినాను. కవరు కవరు మాదిరే ఉండాది. లోపల వేరు పలుపుతాడు చుట్టినట్టు చుట్టుకోనుండాది."

రెబెకమ్మ చేతిలో ఉన్న మొక్కని కింద పెట్టింది.

"కవరుతోనే పెట్టినావా?"

"మరి ఎట్టా పెడతారు? మట్టి చెదిరితే మొక్క చస్తాది, చెదరకుండా నాటండి అని మైకులో చెప్పినారు గదా. చెదరకుండానే నాటినాను."

"ఊళ్ళో అందరూ?"

"ఊళ్ళో ఏంది, నాకు తెలిసి ఈ చుట్టుపక్కలంతా అంతే. నీ కవరు మంచిది తల్లీ, ఇంకా చినగలా."

శీనమ్మ పకపకా నవ్వింది. రెబెకమ్మ ఒక వేప మొక్కని ఎడమ చేతిలోకి తీసుకుంది. బొటనవేలి గోరుతో కవరుని పైనుంచి అడుగుదాకా గీసింది. కవరు చొక్కాలాగా ఊడివచ్చింది. మట్టిముద్ద చెదరలేదు. తెల్లటి వేర్లు దాని మీద కనపడ్డాయి.

"ఇట్టా అన్నా," అంది. "ఇట్టా తీసి పెట్టాల. మట్టి చెదరదు. వేరు పట్టుకోనుంటాది."

జనార్దనయ్య సైకిలు స్టాండు వేసి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఈ మాట ముందే ఎవురన్నా చెప్పుండాల్సింది," అన్నాడు. కవరుతో ఉన్న ఎర్రచందనం మొక్క ఒకటి అడిగి తీసుకుని గంపలో పెట్టుకుని పోయాడు.

తిరుగు బస్సులో గంపలు మళ్ళీ టాపు ఎక్కాయి. ఎక్కించేటప్పుడు ఎడమ భుజం పట్టేసింది. రుద్దుకుంటూ కూర్చుంది. బయట పొద్దు వాలుతోంది. ఆమె కళ్ళు మూసుకుంటే చేజర్ల బడి కనపడింది, దాని ముందు నాలుగు చెట్లు లేవు. వింజమూరు రోడ్డున ఒకటి తర్వాత ఒకటి దీపం ఆర్పినట్టు పోయాయి. కాలవ గట్టున గొంగడి మీద పడుకున్నవాళ్ళు ఎండకి లేచి కూర్చున్నారు. ఇప్పుడు వాళ్ళ మొహాలు కనపడ్డాయి. గొంగడి దులుపుకుని పోయారు.

ఆదివారం చర్చిలో ఆరాధనకి పోలేదు. అన్నం వండేటప్పుడు ఎప్పటిలాగే గుడికి పిడికెడు బియ్యం పక్కన తీసి డబ్బాలో వేసింది, పక్కింటివాళ్ళకి ఇచ్చి పంపింది. ఎనిమిదికి జయపాల్ ట్రాక్టరు వచ్చింది. నూట ఎనభై మొక్కలు ఎక్కించారు. జయపాల్ ముప్ఫై ఏళ్ళవాడు, ఆమె పెట్టే పచ్చడికి అలవాటు పడినవాడు.

కొండ కింద బీడులో పన్నెండు వరసలు, వరసకి పదిహేను గుంతలు. గుంతకో కర్ర, కర్రకో అట్టముక్క, అట్టముక్క మీద నాటబోయే వాళ్ళ పేరు. పక్కన షామియానా. ఒక బల్ల మీద ఉదయగిరి చెక్క గరిటెలు, ఇంకో బల్ల మీద సీసాల్లో ఏడు రకాల మట్టి. తప్పెట వాయిస్తున్నారు. బడిపిల్లలు మొక్కల్ని తలల మీద పెట్టుకుని ఊరంతా తిరిగి వచ్చారు. దూరం నుంచి చూస్తే తోట ఒకటి నడిచి వస్తున్నట్టుంది. రెబెకమ్మకి అది కలలో చూసిందో, ఇక్కడ చూస్తున్నదో ఒక్క నిమిషం తెలియలేదు.

వరప్రసాదం చేతిలో కాగితాలతో పరిగెత్తుతున్నాడు. ఆమె ఎదురుపోయింది.

"సార్, కవర్లు చించి నాటమని మైకులో చెప్పించండి."

"ఇప్పుడా? మట్టి చేతులకవుతాది. పెద్దవాళ్ళు తెల్లబట్టల్లో వచ్చుండారు."

"చించకుంటే బతకవు సార్."

"ఎవురు చెప్పినారు?"

"చేజర్లాయన పెరికి చూసినాడంట."

వరప్రసాదం ఆగాడు. అంతలో షామియానా లోంచి ఎవరో పిలిచారు. "రెబెకమ్మా, పెంచేదాకా నీ పని. నాటేది వాళ్ళ పండగ. పదినిమిషాల్లో అయిపోవాల," అని వెళ్ళిపోయాడు.

మైకులో ఒక గొంతు పలికింది. మట్టి చెదరకుండా, మొక్కని జాగ్రత్తగా గుంతలో ఉంచి, మన్ను కప్పవలసిందిగా కోరింది. నూట ఎనభై మంది వంగారు. నూట ఎనభై కవర్లు మట్టిలోకి పోయాయి. చప్పట్లు కొట్టారు.

ఒంటిగంటకి బీడు ఖాళీ అయింది. షామియానా దించారు. ట్రాక్టరు స్టార్టు చేసి జయపాల్ హారన్ కొట్టాడు.

"రా పెద్దమ్మా."

"నువ్వు పో నాయనా. నాకు పనుండాది."

"ఏం పని?"

ఆమె మొదటి వరసలో మొదటి గుంత దగ్గర గొంతుక్కూర్చుని మట్టి తోడింది. మొక్కని పైకి తీసింది. గోరుతో గీసింది.

"అమ్మో," అన్నాడు జయపాల్. "అది ఎవురి పేరు చదివినావా? నాటిన చేతులు కడుక్కోకముందే పీకతుండావు. నీ మీద కేసు పెడతారు."

"పెడితే నువ్వు బెయిలియ్యి."

"బండి అప్పజెప్పాల పెద్దమ్మా, లేకుంటే నేనూ కూచుందును. మంగళవారం నీళ్ళ డ్రమ్ము తెస్తాను." వాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్ళాడు.

కవరు తియ్యాలి, ముద్దని రెండు చేతులతో పట్టుకోవాలి, దించాలి, మన్ను నెట్టాలి, మడమతో కాదు అరచేత్తో అదమాలి. ఉదయం తవ్విన మన్ను కాబట్టి గుల్లగా ఉంది. రేపటికి ఎండ తగిలి బిగుస్తుంది. ఈ పొద్దే కావాలి. ఒక్కో గుంతకి నూరు లెక్కపెట్టేంత సేపు పట్టింది. మూడో వరసలో లెక్క మానేసింది.

నాలుగో వరసలో ఉండగా వరప్రసాదం స్కూటరు మీద వచ్చాడు. మరిచిపోయిన మైకు వైరు కోసం వచ్చినవాడు ఆమెని చూసి బండి అక్కడే పడేశాడు.

"ఏం చేస్తుండావు? ఫోటోలు తీసినారు! రేపు మళ్ళీ చూడడానికి వస్తారు!"

"మళ్ళీ పెట్టేస్తుండాను సార్. పేర్లు కదిలించలా." ఆమె తలెత్తలేదు. "మూడో వరసలో ఆరోది చూడండి. పోయినేడాది మొక్క, కవరు మార్చకుండా ఉంచినాం."

తీసి పక్కన పెట్టిన ఆ కవరు దగ్గరికి ఆయన నడిచాడు. కవరు లోపలి గుండ్రం అంతా వేరు చుట్టు తిరిగి అచ్చు పడి ఉంది. వరప్రసాదం దాన్ని తిప్పి చూశాడు. ఆయనా ఈ పనిలో పదకొండేళ్ళుగా ఉన్నాడు. ఎన్ని ఊళ్ళలో మైకు పట్టుకున్నాడో ఆయనకే తెలియాలి.

వచ్చి ఆమె పక్కన వంగాడు. మూడు గుంతల దాకా కర్ర పక్కకి పట్టుకున్నాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. "పెద్దవాళ్ళని బస్సెక్కించాల," అన్నాడు. "రేపు మనుషుల్ని పంపిస్తాను."

"రేపటికి బిగుస్తాది సార్."

ఆయన లేచి చేతుల మట్టి దులుపుకున్నాడు. స్కూటరు ఎత్తి, దాన్ని స్టార్టు చెయ్యకుండా రోడ్డు దాకా తోసుకుంటూ పోయాడు.

ఏడో వరసలో వెంకమ్మ వచ్చింది. మేకల్ని కొండ మీదికి తోలుతోంది.

"ఏంది రెబెకమ్మక్కా, నాటిందాన్నే నాటుతుండావు?"

"సాయంత్రం ఇట్టా తోలుకురావాక మే. చుట్టూ తిప్పుకోపో."

"దారి ఇదే గదా. నా మేకలు నా మాటే వినవు, నీ మాట వింటాయా?"

"నీ మాట ఎందుకు వినవు? నీ మొగుడా ఏంది?"

వెంకమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ మేకల వెంట ఎక్కిపోయింది.

ఎనిమిది. తొమ్మిది. కొండ నీడ బీడులోకి దిగింది. రెబెకమ్మకి అది కొండ నీడ అనిపించలేదు. వెనక తాను దాటి వచ్చిన వరసలన్నీ లేచి నిలబడ్డాయనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మొక్కలే ఉంటాయని ఆమెకి తెలుసు. చూడకపోతే ఉన్నాయి. మొదటి వరసలో వేపలు పూత పట్టాయి, వాసన వచ్చింది. రెండో వరసలో కానుగ పూలు రాలుతున్న చప్పుడు. పదో వరసలో భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. పని ఆపి మోచెయ్యి ఒత్తుకుంది. ఆకుల్లో గాలి కదిలింది. ఎవరో కింద గొంగడి పరిచారు.

పన్నెండో వరస. పదమూడో గుంత. పద్నాలుగు. చివరి గుంత లోతు చాలలేదు. ఆమె మొక్కని తీసి, కవరు విప్పి, ముద్దని గుంత అంచున పెట్టింది. పడకుండా కుడిచేత్తో ఒకసారి గట్టిగా అదిమింది. గుంత లోపలి మన్ను తోడింది. రెండు దోసిళ్ళు తోడింది. ఊపిరి కోసం గట్టుకి ఆనుకుంది. నీడ చల్లగా ఉంది. కాసేపు కూర్చుందామనుకుంది.

వెంకమ్మ మేకల్ని దించుకుని వచ్చేసరికి మసక పడింది. బీడు అంచున రెబెకమ్మ గట్టుకి ఆనుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, వరసల వైపు చూస్తూ కూర్చుని ఉంది. కావలి కాస్తోంది కాబోలనుకుంది వెంకమ్మ. తిట్టించుకోవడం ఎందుకని మేకల్ని వంక వైపు మళ్ళించి చుట్టూ తోలుకుపోయింది. ఒక్క మేక కూడా బీడులో అడుగు పెట్టలేదు. దొడ్లో కట్టేశాక, రెబెకమ్మ ఇంకా ఇంటికి పోలేదే అని చెంబుతో నీళ్ళు తీసుకుని మళ్ళీ వచ్చింది. పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. చెంబు కింద పెట్టి, పక్కనే కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం రెబెకమ్మని బాప్టిస్టు సమాధుల తోటలో పెట్టారు. ఏంజెలిన్ కావలి నుంచి వచ్చింది. వరప్రసాదం వచ్చాడు, వెనక నిలబడ్డాడు. ఆ సాయంత్రం తుంపర పడింది.

మంగళవారం జయపాల్ నీళ్ళ డ్రమ్ముతో వచ్చాడు. మొదటి వరస నుంచి మొదలుపెట్టి బకెట్టుతో పోసుకుంటూ పోయాడు. నీళ్ళు నిలబడకుండా వేరు దగ్గరికి దిగాయి. పన్నెండో వరస చివరికి వచ్చేసరికి పది దాటింది. అక్కడ గుంత తెరిచి ఉంది. అంచున వేప మొక్క, వేర్ల మీది మట్టిముద్దతో సహా, పడకుండా నిలబడి ఉంది. ఎత్తి గుంతలో పెడదామని వాడు రెండు చేతులూ చాచి, ఆగిపోయాడు. ముద్ద మీద అయిదు వేళ్ళ అచ్చులు ఉన్నాయి, ఒక్కో అచ్చులో తుంపర నీరు చుక్క నిలిచి ఉంది.